చెయ్యెత్తాకే సీటీ

ఉజ్వల కోటు మీద ఇంకో బిళ్ళ పెట్టాలంటే కోటుకి గుడ్డ చాలదని వాళ్ళ బళ్ళో ఒక హాస్యం ఉండేది. పన్నెండో క్లాసు పిల్ల. స్కూల్ కెప్టెన్ బిళ్ళ ఒకటి, ఎన్‌సీసీది ఒకటి, డిబేట్లకి రెండు, బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయిస్తుంది కనక దానికొకటి. బాస్కెట్‌బాల్ ఆడుతుంది, చిన్న క్లాసుల తగాదాలు తీరుస్తుంది, లెక్కల్లో తొంభైకి తగ్గదు. ఏ పని చెప్పినా "హో జాయేగా మేడమ్" అనడమే గానీ కాదనడం తెలీదు. ఇలాంటి పిల్ల ప్రతి బడికీ ఒకతె దొరుకుతుంది. దొరకగానే టీచర్లు సగం బడి ఆ పిల్ల నెత్తిన పెట్టి, తీరిగ్గా టీ తాగుతారు. వాళ్ళని మాత్రం ఏమనగలం? పిల్ల అంత నమ్మకంగా కనిపిస్తే ఎవరైనా అంతే చేస్తారు.

ఇన్ని బిళ్ళలున్నా ఉజ్వల ప్రాణం మాత్రం మెడలో వేలాడే ఇత్తడి ఈల మీద ఉండేది. దాన్ని అక్కడ సీటీ అంటారు. అది వాళ్ళ తాత పోలయ్యది. పోలయ్య టాటానగర్ యార్డులో ముప్పై నాలుగేళ్ళు చేసి శంటింగ్ జమాదారుగా రిటైరయ్యాడు. బోగీలని విడదీసి, మళ్ళీ కలిపి, బండి తయారుచేసే ముఠాకి ఆయన పెద్ద. ఆయన సీటీ ఊదితేనే డ్రైవరు ఇంజను కదిలించేవాడు. రెండు బోగీల మధ్య గొలుసు తగిలించడానికి ఒక మనిషి లోపలికి దూరతాడు. ఆ మనిషి పని ముగించుకుని, బయటికొచ్చి, చెయ్యెత్తి చూపించాలి. అప్పుడే సీటీ.

మనవరాలు కెప్టెన్ అయిన రోజున పోలయ్య సీటీని చింతపండుతో తోమి ఆమె మెడలో వేశాడు. వేసి, ఒకే మాట మూడుసార్లు చెప్పాడు.

"లోపలికెల్లినోడు సెయ్యెత్తాల. అప్పుడే సీటీ. టేసన్ మాస్టరొచ్చి గొంతు సించుకున్నా సరే, సెయ్యి కనపడందే ఊదకూడదు. ఇన్నావేటమ్మీ?"

"సమఝ్ గయీ తాతా," అంది ఉజ్వల నవ్వుతూ. తాత తెలుగులో మాట్లాడితే తను హిందీలో జవాబివ్వడం ఆ ఇంట్లో అలవాటే.

నవ్వినా, మాట మాత్రం మర్చిపోలేదు. రిపబ్లిక్ డేకి ఆడపిల్లల చేత పిరమిడ్ కట్టించే పని ఆమెకి అప్పగించినప్పుడు ఆ రూలునే అక్కడా పెట్టింది. కింద అయిదుగురు, వాళ్ళ భుజాల మీద ముగ్గురు, అందరికన్నా పైన జెండాతో ఒక్క పిల్ల. ఆ పైపిల్ల పేరు త్రివేణి. తొమ్మిదో క్లాసు, పిడికెడంత మనిషి, నాలుగు వందల మీటర్ల పరుగులో జిల్లా దాకా వెళ్ళి వచ్చింది. పిరమిడ్ దింపేటప్పుడు త్రివేణి జెండా చుట్టి, నడుముకి దోపుకుని, కాళ్ళు నిలదొక్కుకుని చెయ్యెత్తాలి. అప్పుడు ఉజ్వల సీటీ ఊదుతుంది. సీటీ వినగానే కింద వరస మోకాళ్ళ మీదకి వంగుతుంది. పీటీ సర్ సౌరభ్ పుస్తకంలో ఈ చెయ్యెత్తడం లేదు. అది ఉజ్వలకీ త్రివేణికీ మధ్య ఉన్న ఒప్పందం. మూడు వారాల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

జనవరి ఇరవై రెండున ఆఖరి రిహార్సల్. బడి కమిటీ సెక్రటరీ సీతారామరావు గారు పదకొండింటికి వచ్చి చూస్తానన్నారు. పెద్దమనుషులు ఆలస్యంగా వస్తారని అందరికీ తెలుసు, కానీ ముందుగా వస్తారని ఎవరికీ తట్టదు. పదింపావుకే ఆయన కారు గేటు దగ్గర హారన్ కొట్టింది. బ్యాండు గేటు దగ్గర ఉండాలి, ఉజ్వల బ్యాండు ముందు ఉండాలి. ఆ సమయానికి పిరమిడ్ మైదానం మధ్య నిలబడి ఉంది. వరండాలోంచి ప్రిన్సిపాల్ ఇంద్రాణి మేడమ్ చేతిరుమాలు ఊపింది, త్వరగా దించెయ్యమని.

ఉజ్వల పైకి చూసింది. త్రివేణి రెండు చేతులూ జెండాకే ఉన్నాయి. చుట్టడం సగమే అయింది. రుమాలు మళ్ళీ ఊగింది.

చెయ్యి లేవలేదని ఉజ్వల చూసింది. చూసి కూడా ఊదింది.

కింద వరస వంగింది. వాళ్ళకి నేలే తప్ప ఇంకేమీ కనపడదు. సీటీ వినడం, వంగడం, అంతే వాళ్ళకి నేర్పినది. త్రివేణి జెండా వదల్లేదు పాపం, నేల తగలకూడదని గుండెకి అదుముకుని పడింది. చేతులు ఆనించుకుని ఉంటే కాలు అంత దెబ్బ తినేది కాదని డాక్టరు తర్వాత అన్నాడు. కుడి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

సాయంత్రానికి బళ్ళో ఒక మాట తయారైంది. ఎవరు తయారుచేశారో తెలీదు గానీ అందరి నోటా అదే. సీటీ మోగినప్పుడు త్రివేణి ధ్యాస ఎక్కడో ఉంది. సౌరభ్ సర్ మైకు సరిచేస్తూ ఉన్నారు, ఏమీ చూడలేదు. ఇంద్రాణి మేడమ్ కారు వైపు చూస్తోంది. "నువ్వేం బెంగపెట్టుకోకు, ఎంతో శ్రమపడ్డావు," అని మేడమ్ ఉజ్వల తల నిమిరింది. ఇరవై ఆరున ఇచ్చే ఆల్‌రౌండర్ పతకం ఆమెకేనని, పై చదువుకి రాసే సిఫారసు ఉత్తరం కూడా తయారవుతోందని అదే నోటితో చెప్పింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టని సామెత. ఇక్కడ దొంగ ఎవరని అడిగినవాళ్ళే లేరు. ఎవరైనా ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఉజ్వల చెప్పేసేదేమో. కనీసం తను అలా అనుకుంది. అడగలేదు కనక నోరు మూసుకుంది. మొదటి గంట భయంతో మూసుకుంది, ఆ తర్వాత కొంచెం హాయిగానే మూసుకుంది. ఆ హాయి తలుచుకుంటేనే ఆమెకి తర్వాత ఒళ్ళు జలదరించేది.

మర్నాడు సాయంత్రం బడి తరఫున పళ్ళు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది. త్రివేణి తల్లి రజని మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమెది పర్సుడీహ్ బజారులో ఇడ్లీ బండి. ఉజ్వలది కూడా పర్సుడీహే, చిన్నప్పటి నుంచి ఆ బండి దగ్గర తిన్న పిల్లే. రజని లేచి స్టూలు ఆమెకిచ్చి, తను నిలబడింది.

త్రివేణి కాలు పైకి కట్టి ఉంది. ఉజ్వలని చూడగానే ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి.

"సారీ దీదీ," అంది. "హాథ్ ఉఠానే మే దేర్ హో గయీ. చెయ్యెత్తడం నేనే లేట్ చేశాను. జెండా అంచు వేలికి చుట్టుకుపోయింది. మీరు చూసే ఊదుంటారు, నేనే స్లో. షో పాడైపోయింది కదా నా వల్ల?"

అని ఉజ్వల రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు చెప్పాలి. చెప్పాలని ఉజ్వల నోరు తెరిచింది కూడా. కానీ మూడేళ్ళుగా ఏ చిన్నపిల్ల ఏడ్చినా ఓదార్చడానికి అలవాటుపడ్డ నోరు అది.

"పర్వాలేదులే," అంది. "ఇకమీదట జాగ్రత్తగా ఉండు."

త్రివేణి తలూపింది. బరువు దిగినట్టు కళ్ళు తుడుచుకుంది.

రజని ఉజ్వలని వార్డు గుమ్మం దాకా సాగనంపి, గొంతు తగ్గించి అంది. "మేడమ్ రేపు రమ్మన్నారమ్మా. ఏదో కాయితం మీద సంతకం సెయ్యాలంట, తప్పు మా పిల్లదేనని. సేత్తే బళ్ళో ఉంచుతారంట. నేనేటి రాయమన్నా రాసిత్తాను గానీ, నువ్వొక మాట సెప్పమ్మా, పిల్లని ఆటల్లోంచి తీసీయొద్దని. కాలు బాగయ్యాక పరిగెడతాదేమో. నీ మాటంటే మేడమ్‌కి గురి."

"చెప్తాను పిన్నీ," అంది ఉజ్వల. చెప్పి, వెనక్కి చూడకుండా గబగబా మెట్లు దిగింది.

ఇల్లు చేరేసరికి పొద్దుగుంకుతోంది. పోలయ్య వసారాలో బొగ్గుల కుంపటి రాజేసి కూర్చున్నాడు. బజారులో సంగతి నిన్ననే విన్నాడు. నిన్నంతా ఏమీ అడగలేదు. ఇవాళ మనవరాలు చెప్పులు విప్పుతుంటే, కుంపట్లోకి చూస్తూనే అడిగాడు.

"సెయ్యి సూసావా?"

ఉజ్వల రెండో చెప్పు కూడా విప్పి గోడవార పెట్టింది. ఆయన మళ్ళీ అడగలేదు. బొగ్గులు ఎగదోశాడు. రెండు రోజులుగా ఎవరూ వెయ్యని ప్రశ్న అది. ఈ ఒక్క మనిషే అడగగలడని తనకి ముందే తెలుసు, అందుకే నిన్న తలనొప్పని పెందరాళే పడుకుంది.

"చూశాను తాతా," అంది, ఈసారి తెలుగులోనే. "లేవలేదు. రుమాలు ఊపుతున్నారు. ఊదేశాను."

తాత కోప్పడతాడనుకుంది. పోలయ్య కుంపటి మీద చేతులు చాపి కాచుకున్నాడు.

"ధర్మరాజు తాత గేపకమున్నాడా నీకు?" అన్నాడు.

ఎందుకు లేడు? సిద్ధగోరాలో ఉండేవాడు. కుడిచెయ్యి మోచేతి దాకా లేదు. దసరాకి వాళ్ళింటికొచ్చి, వక్కల పొట్లం పళ్ళతో చించుకుని, పిల్లలకి కూడా పెట్టేవాడు. మూడేళ్ళ కిందట పోయాడు. యార్డులో ప్రమాదంలో చెయ్యి పోయిందని మాత్రమే ఉజ్వలకి తెలుసు.

"నా ముఠాలోనోడే. ఎనబై తొమ్మిది, సంక్రాంతెల్లిన వారం. మంచు. మెయిలు బండి లైన్లోకి రావాల, మా బోగీల రేకు అడ్డంగా ఉంది. కేబిన్లోంచి ఫోను మీద ఫోను. ఆడు లోపలికెల్లి రెండు నిమసాలైంది. అయిపోయుంటాదిలే అనుకున్నాను." పోలయ్య ఆగాడు. "ఆ సీటీ నాదే అమ్మీ. ఇప్పుడు నీ మెడలో ఉందే, అదే."

ఉజ్వల చెయ్యి తెలీకుండానే మెడ దగ్గరకి పోయింది.

"ఎంక్వైరీలో ఏటి రాసారంటే, సెప్పకుండా లోపలికెల్లాడని. ఆడు ఎడంసేత్తో ఏలిముద్రేసాడు. ఒక్క మాట అనలేదు. ఆడికి తెలుసో తెల్దో నాకు తెల్దు. ముప్పైయేళ్ళు మా ఇంట్లో కూకుని టీ తాగాడు, నేనడగలేదు. రేపు సెబుదాం, పండగెల్లాక సెబుదాం... ఈలోగా ఆడే ఎల్లిపోయాడు."

"మరి నేనేం చెయ్యాలి తాతా?"

"నన్నడక్కు. సెప్పడానికి నాకు మొకం లేదు."

అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు ఆయన. తాతలందరూ తీర్పులు చెప్పడానికే పుట్టారనుకునే వయసులో, తాత తలదించుకుని కూర్చోవడం చూడటం ఆ పిల్లకి చాలా కష్టమైంది. తన తప్పు కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

మర్నాడు పదింటికి ప్రిన్సిపాల్ గదిలో నలుగురున్నారు. ఇంద్రాణి మేడమ్, సీతారామరావు గారు, రజని, ఉజ్వల. రజని పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. టైపు చేసిన కాగితం టేబులు మీద ఉంది. మేడమ్ దాన్ని హిందీలో చదివి వినిపించింది. ఆజ్ఞ పాటించడంలో తన కూతురి అశ్రద్ధ వల్లే ప్రమాదం జరిగిందని, బడిది ఏ తప్పూ లేదని, క్షమించి కూతుర్ని బళ్ళో కొనసాగించమని. కింద తల్లి సంతకం. దాని కింద, చూసిన మనిషిగా, కెప్టెన్ సంతకం.

రజని పెన్ను తీసుకుంది. సంతకం ఎక్కడని వేలితో వెతుక్కుంటోంది.

"ఆగు పిన్నీ," అంది ఉజ్వల.

అందరూ ఆమె వైపు తిరిగారు. డిబేట్లలో మైకు పట్టుకుంటే నీళ్ళు నమలని పిల్ల, ఇప్పుడు కుర్చీ వెన్ను పట్టుకుని లేచి నిలబడింది. తర్వాత హిందీలో, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. త్రివేణి సిద్ధంగా లేదని, లేదని తెలిసే తను సీటీ ఊదానని, తప్పు తనదని.

సీతారామరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, మెచ్చుకోలుగా తలూపారు.

"చూశారా మేడమ్? లీడరంటే ఇలా ఉండాలి. టీములో ఎవరు తప్పు చేసినా తన నెత్తిన వేసుకుంటోంది. ఈ కాలంలో ఇలాంటి పిల్లలేరీ?"

"అది కాదండీ..." అంది ఉజ్వల.

"బేటా, రెండు రోజులుగా నీకు నిద్ర లేదు," అంది మేడమ్, మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరుపుతూ. "నీ మనసు నాకు తెలుసు. కూర్చో."

ఇదీ వరస. ఇన్నేళ్ళ మంచిపేరు ఒక్కసారిగా ఎదురుతిరిగింది. నిజం చెప్తుంటే అది కూడా తన గొప్పతనం లెక్కలోనే జమ వేస్తున్నారు. ఇంకో బిళ్ళ ఇచ్చేలా ఉన్నారు. ఉజ్వలకి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

ఆ గదిలో ఆమె మాట నమ్మింది రజని ఒక్కతే. పెన్ను కింద పెట్టింది.

"సెయ్యెత్తే రూలుంది కదా మీకు," అంది, తెలుగులో, నెమ్మదిగా. "ఇంట్లో పీటెక్కి రోజూ ఆడేది మా పిల్ల. జెండాకి బదులు తువ్వాలు. సుట్టి, దోపి, సెయ్యెత్తేది. మొన్న ఎత్తిందా?"

"లేదు పిన్నీ."

"ఎత్తలేదని నువ్వు సూసావా?"

"చూశాను."

రజని ఆమెని అలాగే చూస్తూ ఉండిపోయింది. కొట్టినా బాగుండుననిపించింది ఉజ్వలకి.

"నిన్న నా పిల్ల నీ సేతులట్టుకుని ఏడిసింది," అంది రజని. "'పర్వాలేదు' అన్నావు. 'జాగర్తగా ఉండు' అన్నావు. సారీ సెప్పించుకున్నావు కదే దాని సేత!"

ఉజ్వల టేబులు మీదున్న తెల్లకాగితం ఒకటి లాక్కుని, నిలబడే రాసింది. జెండా చుట్టడం అవలేదని, చెయ్యి లేవలేదని, అది చూసి కూడా సీటీ ఊదింది తనేనని, త్రివేణిది ఏ తప్పూ లేదని. పేరు, క్లాసు, తారీఖు. కెప్టెన్ అని రాయలేదు. కోటు మీది కెప్టెన్ బిళ్ళ తీసి కాగితం మీద పెట్టింది.

"ఇది పెద్ద మాట," అంది మేడమ్. ఇప్పుడు ఆమె గొంతులో 'బేటా' లేదు. "ఎల్లుండి పతకం సంగతి, ఆ ఉత్తరం సంగతి మేము ఆలోచించుకోవాల్సి ఉంటుంది."

"సరే మేడమ్," అంది ఉజ్వల. 'హో జాయేగా' అన్నంత తేలిగ్గా రాలేదు గానీ, వచ్చింది.

రజని తను సంతకం చెయ్యాల్సిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జాకెట్టులో దోపుకుని లేచింది. ఆమెని ఎవరూ ఆపలేదు. గుమ్మం దగ్గర ఉజ్వల వైపు తిరిగింది.

"ఇక్కడ సెప్పీసి ఇంటికెల్లిపోవడం కాదు. పద. దానికి సెప్పు."

గేటు బయట పోలయ్య కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. ఎందుకొచ్చాడో చెప్పలేదు, లోపల ఏం జరిగిందో అడగలేదు. ముగ్గురూ ఒక ఆటోలో ఆస్పత్రికి వెళ్ళారు.

ఉజ్వల స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. పోలయ్య వార్డు గుమ్మంలో గోడకి ఆనుకుని వింటున్నాడు. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. త్రివేణి పైకప్పు వైపు చూస్తూ విన్నది.

"అంటే... నేను లేట్ చెయ్యలేదా?" అంది.

"లేదు."

"వేలికి జెండా చుట్టుకుంది కదా?"

"ఎప్పుడూ పట్టేంతసేపే పట్టింది. నేనే ఆగలేదు."

త్రివేణి తల ఇటు తిప్పింది. "ఫిర్ సే బోలో."

"నువ్వు లేట్ చెయ్యలేదు. నేనే ఆగలేదు."

"ఇంకోసారి చెప్పు దీదీ."

ఉజ్వల మళ్ళీ చెప్పింది. త్రివేణి దిండులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నిన్న ఏడ్చిన ఏడుపు కాదు. రెండు రోజులు ఆ చిన్నప్రాణం విరిగిన కాలుతో పాటు ఏం మోసుకుని పడుకుందో అప్పుడు తెలిసింది అక్కడున్నవాళ్ళకి. పర్వాలేదని త్రివేణి అనలేదు. రజని కూతురి తల ఒళ్ళోకి తీసుకుని, ఇక వెళ్ళమన్నట్టు ఉజ్వలకి చెయ్యి ఊపింది.

"రేపు రావచ్చా?" అంది ఉజ్వల.

రజని కూతురి జుట్టు సర్దుతూ ఉండిపోయింది. ఉజ్వల బయటికి నడిచింది.

గుమ్మంలో పోలయ్య లేడు. అప్పటికే కిందకి దిగి, ఆటో ఎక్కి కూర్చున్నాడు. ఉజ్వల పక్కన కూర్చున్నాక డ్రైవరు పర్సుడీహ్ వైపు బండి తిప్పబోయాడు.

"ఇటు కాదు బాబూ," అన్నాడు పోలయ్య. "సిద్ధగోరా పోనీ."

"సిద్ధగోరాలో ఎవరున్నారు తాతా?"

"ధర్మరాజు పెళ్ళాం. వరహాలమ్మ. ఉంది కదా ఇంకా." ముసలాయన మనవరాలి వైపు చెయ్యి చాపాడు. "ఆ సీటీ ఇలాగియ్యమ్మీ. ఇది సూపించి సెప్పాల."

ఉజ్వల మెడలోంచి తీసి ఇచ్చింది. పోలయ్య దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని, సిద్ధగోరా చేరేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.